పది రోజుల్లో మనిషి మారిపోతే: మెదడువాపును ఇంట్లో, వార్డులో గుర్తుపట్టడం ఎలా

రాత్రి రెండున్నర అయ్యుంటుంది. పదకొండో నంబరు బెడ్ దగ్గర నుంచి ఒకావిడ వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది. "సిస్టరమ్మా, ఒక్కసారి వచ్చి చూడండి. పిల్ల నిద్రలో కూడా ఏదో నములుతోంది" అంది. ఆ పిల్లకి పంతొమ్మిదేళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. నాలుగు రోజుల క్రితం మా సైకియాట్రీ వార్డులో చేరింది. అరుపులు, ఏడుపులు, ఉన్నట్టుండి నవ్వులు. అంతకు ముందు రోజు పగటి డ్యూటీలో నేనే ఆ తల్లితో "మనం చూస్తున్నామని తెలిస్తే ఇంకా ఎక్కువ చేస్తుందమ్మా, పట్టించుకోకండి" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

వెళ్లి చూశాను. కళ్లు సగం మూసి ఉన్నాయి. పిలిస్తే పలకడం లేదు. పెదాలు చప్పరిస్తోంది, దవడ పక్కలకి తిప్పుతోంది, నాలుక బయటికి పెట్టి లోపలికి లాక్కుంటోంది. కుడి చెయ్యి గాల్లో దారం ఉండ చుడుతున్నట్టు తిరుగుతోంది. నాడి పట్టుకుంటే నిమిషానికి 134. అరగంట ఆగి మళ్లీ చూస్తే 58. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కనే కేస్ షీట్‌లో రాసి డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేశాను.

ఆ అమ్మాయికి ఉన్నది ఒంటి రక్షణ శక్తే మెదడు మీద తిరగబడే మెదడువాపు, ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్. సైకియాట్రీ వార్డులో పద్నాలుగేళ్లు పనిచేశాక నేను దగ్గరగా చూసిన మొదటి కేసు అది. అప్పటినుంచి చదివినదీ, తర్వాతి పేషెంట్ల దగ్గర నేర్చుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో మనిషి ఉన్నట్టుండి మారిపోతే ఏం చూడాలో తెలియక అల్లాడే కుటుంబాల కోసం, అలాంటి మనిషి బెడ్ మీదికి వచ్చాక దగ్గరుండే నాలాంటి నర్సుల కోసం. డాక్టర్లు రౌండ్స్‌లో ఒక్కో బెడ్ దగ్గర పది నిమిషాలు ఉండగలరు. మిగతా రోజంతా చూసేది ఇంటివాళ్లు, ఆ తర్వాత మేము. ఈ జబ్బు గుర్తులు ఎక్కువగా బయటపడేది ఆ మిగతా సమయంలోనే.

అసలు జబ్బేమిటి

మెదడువాపు అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది దోమకాటుతో పిల్లలకి వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్. దానికీ దీనికీ తేడా ఉంది. ఇది అంటువ్యాధి కాదు. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలు పొరబడి మన మెదడునే పట్టుకుంటాయి. వీటిలో చాలా రకాలున్నాయి. మానసిక లక్షణాలతో మొదలై అందర్నీ తికమక పెట్టేది మాత్రం ముఖ్యంగా ఎన్‌ఎమ్‌డీఏ రిసెప్టర్ (మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే భాగం) మీద యాంటీబాడీలు వచ్చే రకం. 2007లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఉన్న డాక్టర్ జోసెప్ డల్మౌ, ఆయన తోటివాళ్లు దీన్ని కనిపెట్టి పేరు పెట్టారు. అంటే నేను నర్సింగ్ చదివే రోజుల్లో ఈ జబ్బుకి పేరూ లేదు, పరీక్షా లేదు.

ఆ రిసెప్టర్ ఏం చేస్తుందో నర్సులకి ఒక్క మాటలో చెప్పొచ్చు. ఆపరేషన్ థియేటర్‌లో కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చిన పేషెంట్ మత్తు దిగేటప్పుడు ఎలా ఉంటాడో చూసే ఉంటారు. పైకప్పు కేసి చూస్తూ ఏదేదో మాట్లాడతాడు, ఉన్నవి లేనట్టు, లేనివి ఉన్నట్టు అనిపిస్తుంది. కెటమిన్ ఆపేది ఈ రిసెప్టర్‌నే. మందు మత్తు గంటలో దిగిపోతుంది. యాంటీబాడీలు దిగవు, రోజురోజుకీ పెరుగుతాయి. అవి రిసెప్టర్లని పట్టుకుని కణం లోపలికి లాగేస్తాయి. నాకు ధైర్యం ఇచ్చే సంగతి కూడా ఇక్కడే ఉంది: మెదడు కణాలు వెంటనే చచ్చిపోవడం ఉండదు. యాంటీబాడీలు తగ్గితే రిసెప్టర్లు మళ్లీ పైకి వస్తాయి. అందుకే చూడ్డానికి ఆశ లేదనిపించిన పేషెంట్ కూడా మళ్లీ కాలేజీకి వెళ్లగలుగుతుంది.

ఇది అరుదైన జబ్బు. పది లక్షల మందిలో ఏడాదికి ఒకరిద్దరికి వస్తుంది. ఉన్నట్టుండి భ్రమలు, అనుమానాలు మొదలైన వాళ్లలో ఎక్కువమందికి ఉండేది మామూలు మానసిక జబ్బే, దానికి సైకియాట్రీ మందులే సరైన వైద్యం. ఇది చదివి ఎవరూ వాడుతున్న మందులు ఆపేయకండి. ఇక్కడ చెప్పే గుర్తులు కనిపిస్తే డాక్టరుకి చెప్పండి, అంతే.

ముందు తేదీలు చూడండి

స్కిజోఫ్రెనియాలో మార్పు చాలామందిలో నెమ్మదిగా వస్తుంది. వెనక్కి వెళ్లి అడిగితే "ఏడాది నుంచీ గదిలోంచి బయటికి రావడం తగ్గించేశాడండి", "ఇంటర్ నుంచే ఒంటరిగా ఉండేది" అంటారు. ఈ మెదడువాపులో అలా ఉండదు. "వినాయక చవితికి బాగానే ఉంది, దసరాకి ఇలా అయిపోయింది" అంటారు. రోజుల్లో, వారాల్లో మనిషి తలకిందులైపోతాడు. డాక్టర్లు పెట్టుకున్న కొలత మూడు నెలల లోపు. ఎన్‌ఎమ్‌డీఏ రకంలో సాధారణంగా అంత కాలం కూడా పట్టదు.

మొదలు కూడా ఒక తీరుగా ఉంటుంది. చాలామందికి ముందు తలనొప్పి, కొద్దిగా జ్వరం, వాంతులు, జలుబు లాంటివి వచ్చి పోతాయి. ఇంట్లో వైరల్ ఫీవర్ అనుకుని మర్చిపోతారు. ఆ తర్వాత నిద్ర పట్టడం మానేస్తుంది. నేను చూసిన పేషెంట్లందరి ఇళ్లలోనూ మొదట విన్న మాట "రెండు మూడు రాత్రులు కన్ను మూయలేదండి" అన్నదే. ఆ పైన అనుమానాలు, భయం, గబగబా మాటలు, అకారణంగా ఏడుపు. ఇక్కడే మనవాళ్లు గాలి సోకింది, ఎవరో చేయించారు అనుకుని తాయెత్తులకి, దర్గాలకి తిరుగుతారు. నేను ఆ నమ్మకాల మీద ఎవరితోనూ గొడవ పడను. మొక్కు మొక్కుకోండి, కానీ పేషెంట్‌ని ఇంట్లో ఉంచి రోజులు పోగొట్టుకోకండి. మొక్కు ఆసుపత్రిలో ఉండి కూడా మొక్కుకోవచ్చు.

మా పదకొండో నంబరు బెడ్ తల్లి పెద్దగా చదువుకోలేదు. కొడుకు లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో కూతురి సంగతులు రాసుకుంది. మర్నాడు న్యూరాలజీ డాక్టరుగారు వచ్చినప్పుడు నేను ఆ పేజీ అడిగి తీసుకుని ఆయన చేతిలో పెట్టాను. దాదాపు ఇలా ఉంది:

3వ తేదీ: తలనొప్పి, జొరం. బిళ్ల వేశాం.
6: జొరం లేదు. రాత్రి పడుకోలేదు.
8: కాలేజీలో అందరూ తన ఫోను చూస్తున్నారంది. గబగబా మాట్లాడింది. ఆపితే కోపం.
10: తమ్ముడి పేరు గుర్తు రాలేదు. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.
11: ఆరెంపీ గారి ఇంజక్షను. రెండు గంటలు పడుకుంది.
12: అమ్మా అమ్మా అమ్మా అని ఒకటే మాట. తెల్లారుజామున ఎడం చెయ్యి కొట్టుకుంది. పక్క తడిపింది.
13: మాట లేదు.

డాక్టరుగారు దాన్ని రెండుసార్లు చదివారు. 10వ తేదీ దగ్గర, 12వ తేదీ దగ్గర వేలు పెట్టి ఆగారు. భయం, అనుమానం మానసిక జబ్బులో ఉంటాయి. తమ్ముడి పేరు మర్చిపోవడం, నిద్రలో ఒక చెయ్యి కొట్టుకుని పక్క తడవడం ఉండవు. మొదటిది జ్ఞాపకం దెబ్బతిన్న గుర్తు, రెండోది ఫిట్స్. మా అడ్మిషన్ షీట్‌లో ఈ రెండూ లేవు, ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడ చెప్పలేదు. అందుకే మీరు రాసేటప్పుడు మాటలకంటే ఒంటిని ఎక్కువ చూడండి. ఏం అరిచింది, ఎవర్ని తిట్టింది అన్నది ఒక్క లైనులో రాస్తే చాలు. ఎప్పుడు తిన్నది, ఎప్పుడు పడుకుంది, చెయ్యి ఎటు తిరిగింది, ఎంతసేపు అన్నది వివరంగా రాయండి.

ఒంటిలో ఏం చూడాలి

నోరు చూడండి. చప్పరింపు, నమలడం, నాలుక ఆడించడం, పళ్లు గట్టిగా కరుచుకోవడం. సైకియాట్రీ మందుల వల్ల కూడా నోరు, మెడ వంకర్లు పోతాయి, అది నిజమే. అందుకే మొదటి ఇంజెక్షన్ ఎప్పుడు పడిందో, నోటి కదలిక అంతకు ముందే ఉందా తర్వాత వచ్చిందా అన్నది తేదీతో చెప్పాలి. స్పృహ సరిగా లేనప్పుడు కూడా కదలిక ఆగకుండా సాగుతుంటే అనుమానం బలపడుతుంది.

మాట ఎలా తగ్గుతోందో వినండి. ముందు వరదలా మాట్లాడి, తర్వాత ఒకే మాట పదే పదే అని, తర్వాత మనం అన్నదే తిరిగి అని, చివరికి పూర్తిగా మూగబోవడం ఈ జబ్బులో తరచూ కనిపిస్తుంది. అలిగి మాట్లాడని మనిషి కళ్లతో మనల్ని గమనిస్తూ ఉంటుంది. ఈ పేషెంట్ చూపు మన మీద నిలవదు.

బిగుసుకుపోవడం చూడండి. చెయ్యి పైకెత్తి వదిలితే గాల్లో అలాగే ఉండిపోవడం, గంటల తరబడి ఒకే భంగిమ. దీన్ని క్యాటటోనియా అంటారు. డిప్రెషన్‌లో, స్కిజోఫ్రెనియాలో కూడా వస్తుంది. కానీ ఇంతకు ముందు ఏ మానసిక జబ్బూ లేని చిన్న వయసు మనిషికి జ్వరం తర్వాత ఇది వస్తే మెదడు పరీక్షలు జరగాల్సిందే.

ఫిట్స్ గురించి అడిగినప్పుడు చాలామంది "లేవండి" అంటారు. నేల మీద పడి కొట్టుకుంటేనే ఫిట్స్ అనుకుంటారు. ముఖం ఒకవైపు లాగడం, ఒక్క చెయ్యి ఎగరడం, కళ్లు ఒకవైపు తిరిగిపోయి అర నిమిషం పిలుపు అందకపోవడం, నాలుక కొరుక్కోవడం కూడా ఫిట్సే కావచ్చు. "ఫిట్స్ వచ్చాయా" అని అడగడం మానేసి నేను వీటిని ఒక్కొక్కటిగా అడుగుతున్నాను.

నర్సులకి ఒక మాట. సైకియాట్రీ వార్డులో టెంపరేచర్, పల్స్, బీపీ రోజుకి ఒకటి రెండుసార్లు చూసి వదిలేస్తాం. ఇలాంటి పేషెంట్‌కి నాలుగు గంటలకొకసారి చూడండి, రాత్రి కూడా. జ్వరం, విపరీతమైన చెమట, బీపీ ఎగుడుదిగుళ్లు, నాడి ఒకసారి ఆకాశాన్నంటి ఇంకోసారి పడిపోవడం, నోట్లో చొంగ ఎక్కువగా కారడం: ఇవి మెదడు తన కింద ఉండే పనుల మీద అదుపు తప్పుతోందని చెప్తాయి. ఊపిరి పైపైన, ఆగి ఆగి తీస్తుంటే ఐసీయూకి వెంటనే ఫోన్ చెయ్యండి, రౌండ్స్ దాకా ఆగకండి. ఇంకోటి, ఈ పేషెంట్లు హాలోపెరిడాల్ లాంటి సైకియాట్రీ మందులకి తట్టుకోలేక ఒళ్లు కొయ్యబారి, జ్వరం పెరిగి మరీ దిగజారిపోవచ్చు. ఒక డోసుకే ఒళ్లు బిగుసుకుంటే రెండో డోసు ఇచ్చే ముందు డాక్టరుని అడగండి, కండరాలు దెబ్బతింటున్నాయేమో చెప్పే సీకే రక్తపరీక్ష పంపాలా అని కూడా అడగండి.

ఏకాగ్రత ఎలా ఉందో చూడ్డానికి నేను పెద్ద పరీక్షలేవీ పెట్టను. ఆదివారం నుంచి వారాలు వెనక్కి చెప్పమంటాను. పొద్దున్న ఏం టిఫిన్ తిన్నావని అడిగి, పది నిమిషాల తర్వాత మళ్లీ అడుగుతాను. కాగితం ఇచ్చి గడియారం గీయమంటాను. 2009లో న్యూయార్క్‌లో సుసానా కహలన్ అనే యువ జర్నలిస్టుకి ఇదే జబ్బు వచ్చినప్పుడు, ఆసుపత్రిలో ఎన్నో పరీక్షలు మామూలుగా వచ్చాక, డాక్టర్ సుహెల్ నజ్జార్ ఆమె చేత గడియారం గీయించారు. అంకెలన్నీ ఒకే సగంలో కుక్కేసింది. మెదడులో వాపు ఉందన్న దారి దొరికింది ఆ బొమ్మ దగ్గరే. అనుమానాలతో ఉన్న మానసిక రోగి కూడా మామూలుగా వారాలు చెప్పగలడు, కోపంగానైనా గడియారం గీయగలడు. గీయలేకపోతే ఆ కాగితం పారేయకండి, తేదీ వేసి కేస్ షీట్‌లో పెట్టండి.

ఇవన్నీ ఒకేసారి కనిపించవు. 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 577 మంది పేషెంట్లని పరిశీలించారు. మొదటి నాలుగు వారాల్లోనే నూటికి 87 మందిలో ప్రవర్తన, జ్ఞాపకం, మాట, ఫిట్స్, కదలికలు, స్పృహ ఇలాంటి ఎనిమిది రకాల్లో కనీసం నాలుగు కనిపించాయి. చివరిదాకా కేవలం మానసిక లక్షణాలే ఉన్నవాళ్లు చాలా తక్కువ. కాబట్టి ఇవాళ ఏమీ లేదని ఊరుకోకుండా రేపు మళ్లీ చూడాలి, ఎల్లుండి మళ్లీ చూడాలి.

వయసుని బట్టి కొంచెం మారుతుంది. ఎన్‌ఎమ్‌డీఏ రకం ఎక్కువగా అమ్మాయిలకి, చిన్న వయసు ఆడవాళ్లకి వస్తుంది. ఆ 577 మందిలో నూటికి 81 మంది ఆడవాళ్లే, సగం మంది 21 ఏళ్ల లోపు వాళ్లు. మగవాళ్లకీ వస్తుంది కాబట్టి అబ్బాయి అని కొట్టిపారేయకూడదు. చిన్నపిల్లల్లో మొండితనం, మాటలు పోవడం, ఫిట్స్, వింత కదలికలతో మొదలవుతుంది. హెర్పిస్ వైరస్ మెదడువాపు వచ్చి తగ్గిన పేషెంట్ కొన్ని వారాలకి మళ్లీ ప్రవర్తన మారినా ఇదే అనుమానించాలి. బాలింతల్లో ప్రసవమైన రోజుల్లోనే మతి చలిస్తే, దాంతోపాటు తలనొప్పి, జ్వరం, ఫిట్స్ ఏది ఉన్నా "బాలింత జబ్బు" అని సరిపెట్టుకోకండి. మెదడు రక్తనాళంలో గడ్డకట్టడం లాంటివి కూడా అలాగే వస్తాయి, గంటల్లో స్కాన్ చేయించాలి.

పెద్ద వయసు వాళ్లలో వేరే రకం ఉంది, ఎల్‌జీఐ1 అంటారు. ఆర్టీసీలో రిటైరైన ఒక పెద్దాయన్ని మతిమరుపు, భార్య మీద అనుమానం అని మా ఓపీకి తెచ్చారు. ఇంట్లో అందరూ వయసు ప్రభావం అనుకున్నారు. ఆయన భార్య "కాఫీ గ్లాసు ఊరికే జారవిడుస్తున్నారండీ, మూతి కూడా అలా గుంజుకుంటుంది" అంది. పక్కన కూర్చుని చూస్తే నిజమే, కుడి చెయ్యి, మూతి కుడి పక్క కలిసి ఒక్క క్షణం బిగుసుకుని వదిలేస్తున్నాయి. గంటలో ఆరుసార్లు లెక్కపెట్టాను. రక్తంలో సోడియం 122 ఉంది. ఈ మూడూ కలిస్తే, అంటే కొత్త మతిమరుపు, క్షణకాలపు ముఖం చెయ్యి గుంజు, తక్కువ సోడియం, న్యూరాలజీకి పంపడానికి ఇంకేమీ అక్కర్లేదు. ఆ గుంజులకి ఫిట్స్ మందులకంటే స్టెరాయిడ్లే బాగా పనిచేస్తాయి.

ఓపీలో ఎలా చెప్పాలి

జనం కిటకిటలాడే ఓపీలో మీకు దొరికేది మూడు నాలుగు నిమిషాలు. ఏడుపు వస్తుంది, కోపం వస్తుంది, నాకు తెలుసు. అయినా మొదటి మాటలు ఇవి కావాలి: "డాక్టరుగారూ, మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. ఇంతకు ముందు ఏ మానసిక సమస్యా లేదు. 3వ తేదీ జ్వరం వచ్చింది, 6 నుంచి నిద్ర లేదు, 10న మనుషుల పేర్లు మర్చిపోయింది, 12న నిద్రలో చెయ్యి కొట్టుకుంది. వీడియో ఉంది. న్యూరాలజీకి చూపించాలంటారా?" ఇంటర్నెట్‌లో చదివిన జబ్బు పేరుతో మొదలుపెట్టకండి. తేదీలతో మొదలుపెడితే డాక్టరు తనంతట తనే ఆ దారిలో ఆలోచిస్తారు.

వీడియో తీసేటప్పుడు ముఖం, రెండు చేతులు కలిపి కనిపించేలా ఒక నిమిషం తీయండి, మధ్యలో పేరు పెట్టి పిలవండి. అది ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, బంధువుల గ్రూపుల్లో పెట్టకండి. డాక్టరుకి చూపించడానికి మాత్రమే. ఆ పిల్ల రేపు కోలుకుని బతకాల్సిన మనిషి.

ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, లేపితే లేవకపోయినా, మింగలేకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా ఓపీ చీటీ కోసం నిలబడకండి. 108కి ఫోన్ చేసి క్యాజువాలిటీకి వెళ్లండి. న్యూరాలజీ విభాగం ఉన్న పెద్దాసుపత్రి అయితే మంచిది. హైదరాబాద్ నిమ్స్, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి చోట్ల ఉంది. మనిషి కంగారుగా ఉండి ఏం చెయ్యాలో తోచకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

పరీక్షల దగ్గర

ముందు తేలిగ్గా తేలిపోయేవి చూస్తారు. షుగర్, సోడియం, థైరాయిడ్, బీ12, మలేరియా, హెచ్‌ఐవీ, సిఫిలిస్, గంజాయి లాంటి మత్తు, తాగుడు మానేసిన వణుకు. రక్షణ శక్తి సొంత ఒంటి మీదే పడే లూపస్, ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ జబ్బు కూడా మానసిక లక్షణాలతో రావచ్చు. హెర్పిస్ వైరస్ మెదడువాపు కాదని తేలేదాకా దాని మందు కూడా మొదలుపెడతారు, అది సరైన పనే.

ఎమ్మారై మామూలుగా వచ్చిందంటే కుటుంబాలు ఊపిరి పీల్చుకుంటాయి, కొన్నిసార్లు మేము కూడా. అక్కడే పొరపాటు. ఎన్‌ఎమ్‌డీఏ రకంలో సగం మందికి పైగా ఎమ్మారైలో ఏమీ కనపడదు. ఈఈజీ మాత్రం చాలామందిలో తేడాగా ఉంటుంది. తలకి వైర్లు అంటించి తీసే ఆ పరీక్ష ఖర్చు తక్కువ, నొప్పి లేదు. అందుకే ఒక్కటే అడగగలిగితే ఈఈజీ అడగండి అని చెప్తాను.

అసలు తగువు వెన్ను నీరు దగ్గర వస్తుంది. "వెన్నులో సూది పెడితే కాళ్లు పడిపోతాయి" అని ఊళ్లో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పదకొండో నంబరు బెడ్ నాన్న సంతకం పెట్టనని వరండాలో కూర్చున్నాడు. పక్కన కూర్చుని నా వీపు మీదే చూపించాను. వెన్నుపాము నడుం పైభాగంలోనే అయిపోతుంది బాబాయ్ గారూ, సూది పెట్టేది దానికి కింద, తుంటి ఎముకల వరసలో. అక్కడ ఉండేవి నీళ్లలో తేలే నరాల పోగులు, సూది తగిలితే పక్కకి జరుగుతాయి. తీసేది రెండు మూడు చెంచాలంత, ఒళ్లు దాన్ని కొద్ది గంటల్లోనే మళ్లీ తయారు చేసుకుంటుంది. తర్వాత తలనొప్పి రావచ్చు, పడుకుంటే తగ్గుతుంది. ఆయన ఒక్కటే అడిగాడు, "నీ కూతురైతే చేయిస్తావా అమ్మా?" అని. చేయిస్తాను అన్నాను. సంతకం పెట్టాడు.

ఆ నీళ్లలో తెల్లకణాలు ఐదు దాటి ఉంటే వాపు ఉందని బలమైన సాక్ష్యం. యాంటీబాడీ పరీక్షకి వెన్ను నీరు, రక్తం రెండూ పంపించమని అడగండి. రక్తం ఒక్కటే పంపితే ఏడుగురిలో ఒకరి దగ్గర జబ్బు దొరక్కుండా పోతుంది. రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది. మిగతా గుర్తులు సరిపోతే అది వచ్చేదాకా ఆగకుండా వైద్యం మొదలుపెట్టొచ్చు, న్యూరాలజిస్టులు అలాగే చేస్తారు.

ఆడపిల్ల అయితే కడుపు స్కాన్ మర్చిపోకండి. అండాశయంలో డెర్మాయిడ్ గడ్డ ఉండొచ్చు. వెంట్రుకలు, పళ్లు, ఒక్కోసారి మెదడు కణజాలం కూడా ఉండే వింత గడ్డ అది. ఒళ్లు ఆ గడ్డ మీద చేసిన యుద్ధమే మెదడు మీదికి మళ్లుతుంది. గడ్డ తీసేస్తే కోలుకోవడం వేగంగా ఉంటుంది. పెళ్లి కాని పిల్లకి ఆ స్కాన్ ఎందుకని సందేహించే తల్లిదండ్రులున్నారు. పొట్ట మీద నుంచే తీస్తారు, ఏ ఇబ్బందీ లేదు. మా పదకొండో నంబరు బెడ్ అమ్మాయికి కుడి అండాశయంలో నిమ్మకాయంత గడ్డ దొరికింది.

వైద్యం మొదలయ్యాక

ముందు మిథైల్ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ రోజుకి ఒక గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు నరంలోకి ఇస్తారు. దాంతోపాటు ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు), లేదా ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవం తీసేసి వేరేది ఎక్కించడం). ఐవీఐజీ ఖర్చు లక్షల్లో ఉంటుంది. భయపడి ఇంటికి తీసుకుపోకుండా, ప్లాస్మా మార్పిడి కుదురుతుందా అని, ఆసుపత్రిలో ప్రభుత్వ పథకం చూసే వాళ్ల దగ్గర ఏమైనా వీలవుతుందా అని అడగండి. వీటికి లొంగకపోతే రక్షణ శక్తిని ఇంకా అణిచే రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్ అనే మందులు ఉన్నాయి.

వారం రోజుల్లో లేచి కూర్చుంటుందని ఆశ పెట్టుకోకండి. ఆ పెద్ద అధ్యయనంలో వైద్యం మొదలైన నాలుగు వారాల్లో సగం మందికి కాస్త గుణం కనిపించింది. రెండేళ్లకి నూటికి 81 మంది తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చారు. జబ్బు వచ్చిన దారిలోనే వెనక్కి వెళ్తుంది: ముందు ఊపిరి, నాడి కుదుటపడతాయి, తర్వాత కదలికలు తగ్గుతాయి, తర్వాత మాట వస్తుంది, అప్పుడు మళ్లీ కోపం, అనుమానం, ఏడుపు. ఈ ఆఖరి దశలో ఇంటివాళ్లు "మళ్లీ మొదటికొచ్చింది" అని కుంగిపోతారు. నేనైతే ఆ తిట్లు విని సంతోషించమని చెప్తాను. పదకొండో నంబరు బెడ్ అమ్మాయి ఇరవై ఆరో రోజున మొదటి మాట మాట్లాడింది. వాళ్లమ్మని చూసి, "జడ వెయ్యవే" అంది.

ఇంటికి వెళ్లాక కొన్ని నెలలు నిద్ర, ఓపిక, ఏకాగ్రత కుదరవు. పరీక్షలకి కూర్చోబెట్టకండి, పెళ్లి మాటలు తేకండి. ఆసుపత్రిలో గడిపిన రోజులు చాలామందికి గుర్తుండవు. అడిగితే నిజం చెప్పండి, కొంచెం కొంచెంగా.

డిశ్చార్జి కాగితం, యాంటీబాడీ రిపోర్టు నాలుగు జిరాక్సులు తీయించి, ఒకటి ఫోనులో ఫోటోగా పెట్టుకోండి. ఆ పెద్ద అధ్యయనంలో మొదటి రెండేళ్లలో నూటికి పన్నెండు మందికి జబ్బు తిరగబెట్టింది, అప్పుడు ఏ ఊళ్లో ఉంటారో తెలియదు. మళ్లీ వచ్చేటప్పుడు మొదటిసారిలా అన్ని లక్షణాలూ రాకపోవచ్చు, మానసిక లక్షణాలు మాత్రమే కనిపించవచ్చు. ఆ అమ్మాయి ఇప్పుడు బీఎడ్ చేస్తోంది, హాస్టల్లో ఉంటుంది. వాళ్లమ్మ రోజూ ఫోన్ చేసి అన్నం సంగతి తర్వాత, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావని అడుగుతుందట. వరుసగా రెండు రాత్రులు నిద్ర లేదంటే వెంటనే బస్సెక్కి వెళ్లిపోతానని నాతో చెప్పింది.